నాయకుల పరిచయాలు రాసే డెస్కు మిత్రులకు బహిరంగ లేఖ: ‘కేసు’ అని రాశాక అది ఏ దశలో ఉందో కూడా రాయండి

నమస్కారం.

పత్రికల జిల్లా డెస్కుల్లో, టీవీ ఛానళ్లలో, వార్తా వెబ్‌సైట్లలో రాజకీయ నాయకుల పరిచయాలు రాసే సబ్‌ఎడిటర్లకు, రిపోర్టర్లకు ఈ లేఖ. మేం కోర్టు తీర్పులు, అభ్యర్థుల అఫిడవిట్లు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివే పాఠకులం. మీ పనిలో ఉన్న తొందర మాకు తెలుసు. ఎవరైనా మంత్రిగా ప్రమాణం చేసినా, ఒక మాజీ ముఖ్యమంత్రి కన్నుమూసినా అరగంటలో పరిచయం సిద్ధం కావాలి. పుట్టిన ఊరు, చదువు, గెలుపోటములు త్వరగానే దొరుకుతాయి. ఇబ్బందంతా ఆఖర్న వచ్చే ‘వివాదాలు’ దగ్గరే. అక్కడ పాత వార్త ఒకటి తెచ్చి అతికిస్తున్నారు. ఆ వార్త రాసిన రోజుకు అది నిజమే. ఆ తర్వాత కేసు పై కోర్టుకు వెళ్లి ఉండొచ్చు, వీగిపోయి ఉండొచ్చు, మళ్లీ లేచి ఉండొచ్చు. పాఠకుడికి మాత్రం మొదటి రోజు మాటే మిగులుతుంది.

మేం అడిగేది ఒక్కటే. ఒక నాయకుడి మీద కేసు ఉందని రాసినప్పుడల్లా మూడు సంగతులు పక్కన పెట్టండి: అది ఏ దశలో ఉంది, ఏ కోర్టులో ఉంది, ఏ తేదీ నాటికి ఉన్న స్థితి ఇది. ఈ మూడూ లేకపోతే నిర్దోషిగా బయటపడ్డవాళ్లు జీవితాంతం నిందితులుగానే ఉండిపోతారు. సాంకేతిక కారణంతో బయటపడ్డవాళ్లు కడిగిన ముత్యాలైపోతారు. రెండూ ఓటరుకు అన్యాయమే.

ఉదాహరణకు తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి జయలలితను తీసుకుంటున్నాం. కారణం ఉంది. మన రెండు రాష్ట్రాల నాయకుల్లో ఎవరి పేరు ఎత్తినా ఈ లేఖ ఏ పార్టీ కోసం రాశారన్న చర్చ మొదలవుతుంది, అసలు విషయం పక్కకు పోతుంది. జయలలిత కేసుల్లో అన్ని కోర్టుల తుది మాట వచ్చేసింది, తీర్పులన్నీ అందరికీ అందుబాటులో ఉన్నాయి. పైగా కోర్టు మెట్లలో ఉన్న మలుపులన్నీ ఆమె ఒక్కరి జీవితంలోనే కనిపిస్తాయి. ఎన్టీఆర్, ఏఎన్నార్‌ల పక్కన కథానాయికగా చూసిన తెలుగువాళ్లకు ఆమె పరాయి మనిషీ కాదు.

ముందు తేలికగా కనిపించే ప్రశ్న: ఆమె ఎన్నిసార్లు ముఖ్యమంత్రి అయ్యారు? 2016 డిసెంబరు 5న ఆమె చనిపోయిన రాత్రి కొందరు ఐదని రాశారు, కొందరు ఆరన్నారు. ప్రమాణ స్వీకారాలు లెక్కపెడితే ఆరు: 1991 జూన్ 24, 2001 మే 14, 2002 మార్చి 2, 2011 మే 16, 2015 మే 23, 2016 మే 23. వీటిలో 2001 మే నాటి నియామకం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. దాన్ని వదిలేసినవాళ్లకు ఐదే వస్తాయి. అంటే అంకె వేయడానికి కూడా వెనక ఉన్న కేసు తెలియాలి. ‘ఆరుసార్లు ప్రమాణం చేశారు, అందులో ఒక నియామకాన్ని కోర్టు రద్దు చేసింది’ అంటే రెండు ముక్కల్లో నిజం మొత్తం వచ్చేస్తుంది.

ఆ 2001 సంగతి చూద్దాం. తమిళనాడు చిన్నతరహా పరిశ్రమల సంస్థ టాన్సీకి చెందిన గిండీ భూములను ఆమె భాగస్వామిగా ఉన్న సంస్థలు కొన్నాయన్నది కేసు. 2000 అక్టోబరు 9న ప్రత్యేక కోర్టు ఆమెకు మూడేళ్ల జైలు శిక్ష వేసింది. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) సెక్షన్ ప్రకారం పోటీకి అనర్హత వస్తుంది. ఆమె మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. హైకోర్టు శిక్ష అమలును నిలిపింది కానీ, దోషిగా తేల్చిన నిర్ణయాన్ని నిలపలేదు. ఇదిగో, డెస్కులో అందరికంటే ఎక్కువగా తప్పు రాసే చోటు ఇదే. ‘శిక్షపై స్టే’ అంటే జైలుకు పోనక్కర్లేదని మాత్రమే. అనర్హత పోవాలంటే ‘దోషి నిర్ధారణపై స్టే’ రావాలి. ఈ రెంటినీ కలిపి ‘హైకోర్టులో ఊరట’ అని శీర్షిక పెడితే, ఆ నేత ఇక పోటీ చేయొచ్చు కాబోలు అని చదివేవాడు అనుకుంటాడు.

2001లో ఆమె నాలుగు చోట్ల నామినేషన్ వేశారు: ఆండిపట్టి, కృష్ణగిరి, భువనగిరి, పుదుక్కోట్టై. నాలుగూ తిరస్కరణకు గురయ్యాయి. అయినా ఆమె పార్టీ గెలిచింది. ఏ సభలోనూ సభ్యత్వం లేకపోయినా ఆరు నెలలు మంత్రిగా ఉండొచ్చన్న రాజ్యాంగం 164(4) అధికరణం కింద గవర్నర్ ఫాతిమా బీవీ ఆమెతో ప్రమాణం చేయించారు. అదే ఏడాది సెప్టెంబరు 21న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నియామకాన్ని రద్దు చేసింది. ఎమ్మెల్యేగా పోటీ చేసే అర్హతే లేని వ్యక్తికి ఆ ఆరు నెలల వెసులుబాటు వర్తించదన్నది తీర్పు సారం. ఆమె పార్టీ నేత పన్నీర్‌సెల్వం ముఖ్యమంత్రి అయ్యారు. డిసెంబరు 4న మద్రాసు హైకోర్టు టాన్సీ కేసుల్లో ఆమెను నిర్దోషిగా విడుదల చేసింది. 2002 ఫిబ్రవరిలో ఆండిపట్టి ఉప ఎన్నికలో గెలిచి ఆమె మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఇక్కడితో ఆపేస్తే కథ సగమే. 2003 నవంబరు 24న సుప్రీంకోర్టు ఆ విడుదలను సమర్థించింది. ప్రభుత్వ ఆస్తిని మంత్రులు కొనకూడదన్నది ప్రవర్తనా నియమావళిలో ఉన్న మాట తప్ప చట్టంలోని నిషేధం కాదు కాబట్టి నేరం నిలవలేదు. కానీ అదే తీర్పులో, ఆమె తన మనస్సాక్షికి జవాబు చెప్పుకోవాలని, ఆ ఆస్తిని తిరిగి ఇచ్చేయాలని కూడా కోర్టు అంది. ‘క్లీన్ చిట్’ అన్న మాటలో ఈ రెండో ముక్క ఇమడదు. ‘నేరం రుజువు కాలేదు, ఆ కొనుగోలును మాత్రం కోర్టు తప్పుబట్టింది’ అని రాస్తే ఒక్క వాక్యం ఎక్కువవుతుంది, అంతే.

ఇక ఆస్తుల కేసు. మన దగ్గర ‘అక్రమాస్తుల కేసు’ అని రాయడం అలవాటైపోయింది. చట్టం అడిగేది ఆదాయానికి మించిన ఆస్తుల గురించి. విచారణ నడుస్తుండగానే ‘అక్రమ’ అని రాస్తే తీర్పు మనమే చెప్పేసినట్టు. ‘ఆదాయానికి మించిన ఆస్తుల కేసు’ కాస్త పొడవే, అయినా అదే సరైన మాట.

ఈ లెక్క ఎలా వేస్తారో తెలిస్తే సగం తప్పులు పోతాయి. ముందు పరిశీలన కాలం ఒకటి పెడతారు. జయలలిత విషయంలో అది 1991 జులై 1 నుంచి 1996 ఏప్రిల్ 30 వరకు. కాలం మొదట్లో ఉన్న ఆస్తి 2.01 కోట్లు, చివర్లో ఉన్నది 66.44 కోట్లు అని ప్రాసిక్యూషన్ చెప్పింది. తేడా 64.43 కోట్లు. దానికి ఆ కాలంలో పెట్టిన ఖర్చు 11.56 కోట్లు కలిపి, చట్టబద్ధ ఆదాయం 9.34 కోట్లు తీసేస్తే వచ్చేది 66.65 కోట్లు. జయలలిత, శశికళ, ఇళవరసి, సుధాకరన్ అనే నలుగురు నిందితులదీ, వాళ్ల సంస్థలదీ కలిపి వేసిన లెక్క ఇది. జయలలిత ఒక్కరి పేరున ఉన్న ఆస్తి కాదు.

2014 సెప్టెంబరు 27న బెంగళూరు ప్రత్యేక న్యాయమూర్తి జాన్ మైకేల్ డి కున్హా తీర్పు చెప్పినప్పుడు ఆ అంకె మారింది. ఆయన ఆస్తులు 55.02 కోట్లని, ఖర్చు 8.49 కోట్లని, ఆదాయం 9.91 కోట్లని తేల్చారు. మించిన ఆస్తి 53.60 కోట్లు, ఆదాయానికి ఐదు రెట్ల పైమాట. నాలుగేళ్ల జైలు, వంద కోట్ల జరిమానా పడ్డాయి. ‘66 కోట్ల కేసులో శిక్ష’ అంటే తప్పు కాదు. ‘66 కోట్లు అక్రమమని కోర్టు తేల్చింది’ అంటే తప్పే. ఆరోపణలో ఉన్న అంకె వేరు, కోర్టు రుజువైందన్న అంకె వేరు. మన నాయకుల పరిచయాల్లో దాదాపు ఎప్పుడూ మొదటిదే కనిపిస్తుంది, ఎందుకంటే ఎఫ్ఐఆర్ నాటి వార్తకే పెద్ద శీర్షిక పడుతుంది.

ఆ కేసు చెన్నై నుంచి బెంగళూరుకు ఎందుకు వచ్చిందో కూడా పరిచయంలో ఉండాలి. 2001లో ఆమె మళ్లీ అధికారంలోకి వచ్చాక, అప్పటికే సాక్ష్యం చెప్పిన 76 మందిని తిరిగి పిలిచారు. వాళ్లలో 64 మంది తాము ముందు చెప్పిన మాట మార్చారు. ప్రభుత్వ న్యాయవాది వాళ్లను గట్టిగా ప్రశ్నించలేదు. డీఎంకే నేత అన్బళగన్ పిటిషన్ మీద 2003 నవంబరు 18న సుప్రీంకోర్టు కేసును కర్ణాటకకు బదిలీ చేసింది. ‘పద్దెనిమిదేళ్లు సాగిన కేసు’ అని రాయడం సులువు. ఎందుకు సాగిందో చెబితేనే పాఠకుడికి ఉపయోగం. అధికారం మారినప్పుడు ఒక కేసులో సాక్షులు, ప్రాసిక్యూటర్లు, దర్యాప్తు అధికారులు ఎలా మారతారో మన రెండు రాష్ట్రాల్లోనూ గమనించాల్సిన సంగతే.

2014 తీర్పు పడిన క్షణమే ఆమె శ్రీరంగం ఎమ్మెల్యే సభ్యత్వం పోయింది, పదవీ పోయింది. అంతకు ముందు ఏడాది, 2013 జులై 10న, లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ప్రజాప్రాతినిధ్య చట్టం 8(4) సెక్షన్‌ను కొట్టేయడమే దానికి కారణం. అప్పటిదాకా పదవిలో ఉన్న సభ్యులకు అప్పీలు చేసుకోవడానికి మూడు నెలల గడువుండేది, అప్పీలు వేస్తే అది తేలేదాకా సభ్యత్వం నిలిచేది. ఇప్పుడు ఆ గొడుగు లేదు. కాబట్టి 2013కు ముందు శిక్ష పడి కూడా పదవిలో కొనసాగిన నాయకుడిని, ఆ తర్వాత వెంటనే పదవి పోయిన నాయకుడిని ఒకే గాటన కట్టి ‘ఒకరికో న్యాయం, మరొకరికో న్యాయం’ అని రాయకండి. మధ్యలో చట్టం మారింది.

2014 అక్టోబరు 7న జరిగింది ప్రతి డెస్కులోనూ గోడకు అతికించుకోవాల్సిన పాఠం. కర్ణాటక హైకోర్టులో బెయిల్ వాదనలు. షరతులతో బెయిల్ ఇస్తే అభ్యంతరం లేదని ప్రాసిక్యూటర్ అన్నారు. ఆ మాట కోర్టు హాలు దాటి బయటికి రాగానే బెయిల్ వచ్చేసిందని ఛానళ్లు స్క్రోలింగ్ నడిపాయి. బయట మిఠాయిలు పంచారు, టపాసులు కాల్చారు. న్యాయమూర్తి ఇచ్చిన ఉత్తర్వు మాత్రం బెయిల్ తిరస్కరణ. న్యాయవాది అన్న మాట, ఎదుటి పక్షం ఒప్పుకున్న మాట, బెంచి మీద నుంచి వచ్చిన వ్యాఖ్య, వీటిలో ఏదీ ఉత్తర్వు కాదు. చివరికి సుప్రీంకోర్టు అక్టోబరు 17న బెయిల్ ఇచ్చింది. అప్పుడు కూడా ఆగింది శిక్ష అమలే. దోషి నిర్ధారణ అలాగే ఉంది కాబట్టి పన్నీర్‌సెల్వమే ముఖ్యమంత్రిగా కొనసాగారు, శ్రీరంగానికి ఉప ఎన్నిక జరిగింది.

2015 మే 11న కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి సి.ఆర్. కుమారస్వామి నలుగురినీ నిర్దోషులుగా విడుదల చేశారు. మీలో లెక్కలంటే భయపడేవాళ్లు కూడా ఇక్కడ ఒక పది నిమిషాలు ఆగాలని మా కోరిక. 919 పేజీల తీర్పులో ఆస్తుల విలువ 37,59,02,466 రూపాయలకు తగ్గింది. భవన నిర్మాణాలకు ప్రాసిక్యూషన్ వేసిన 27.79 కోట్లను 5.10 కోట్లు చేశారు. దత్తపుత్రుడి పెళ్లి ఖర్చు 6.45 కోట్లన్నదాన్ని 28.68 లక్షలు చేశారు. ఆదాయం 34,76,65,654 రూపాయలకు పెరిగింది. తేడా 2,82,36,812. అది ఆదాయంలో 8.12 శాతం. పది శాతం లోపు తేడాను పట్టించుకోనక్కర్లేదన్న కృష్ణానంద్ అగ్నిహోత్రి కేసు తీర్పును చూపి కేసు నిలవదన్నారు. ఇరవై శాతం దాకా కూడా అనుమతించవచ్చన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సర్క్యులర్‌ను సైతం ఆ తీర్పు ప్రస్తావించింది. మన రాష్ట్రం కాగితం ఒకటి బెంగళూరులో తమిళనాడు నాయకురాలి కేసులోకి అలా వచ్చింది. హైదరాబాద్ శివార్లలోని ఆమె ద్రాక్షతోట కూడా ఈ లెక్కల్లో ఉంది. ఆ తోట రాబడిని ప్రాసిక్యూషన్ 5,78,340 రూపాయలుగా చూపితే, హైకోర్టు దానికి 46,71,600 కలిపింది.

ఇక అదే తీర్పులోని 852వ పేజీ చూడండి. నిందితులు, వాళ్ల సంస్థలు బ్యాంకుల నుంచి తెచ్చిన అప్పుల పట్టిక అక్కడుంది. కింద మొత్తం 24,17,31,274 రూపాయలని ఉంది. పై వరుసలను ఒక్కొక్కటిగా కూడితే వచ్చేది 10,67,31,274. పదమూడున్నర కోట్లు తేడా. ఆ 24.17 కోట్లలో, ప్రాసిక్యూషన్ ముందే లెక్కలోకి తీసుకున్న 5,99,85,274 పోను 18,17,46,000 ఆదాయానికి కలిపారు. సరైన కూడిక ప్రకారం కలపాల్సింది 4,67,46,000 మాత్రమే. అప్పుడు ఆదాయం 21,26,65,654 అవుతుంది, మించిన ఆస్తి 16,32,36,812 అవుతుంది, 8.12 శాతం కాస్తా 76 శాతం దాటుతుంది. ఈ తప్పును కర్ణాటక తరఫు ప్రత్యేక ప్రాసిక్యూటర్ బి.వి. ఆచార్య బయటపెట్టారు. పట్టికలో అంకెలు అందరి ముందూ ఉన్నాయి, కూడడానికి కావలసింది సెల్‌ఫోన్‌లోని క్యాలిక్యులేటరే. తీర్పు కాపీ చేతికొచ్చాక చివరి పేజీకి పరుగెత్తకుండా పట్టికలు ఒకసారి కూడిచూడండి అని మేం ఇంతగా చెబుతున్నది అందుకే.

దాని తర్వాత జరిగిన సంగతినే మన పరిచయాల్లో ఎక్కువమంది తప్పు రాస్తున్నారు. కర్ణాటక ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్లింది. వాదనలు ముగిసి 2016 జూన్ 7న తీర్పు రిజర్వు అయింది. డిసెంబరు 5న ఆమె చనిపోయారు. 2017 ఫిబ్రవరి 14న జస్టిస్ పినాకి చంద్ర ఘోష్, జస్టిస్ అమితవ రాయ్ హైకోర్టు తీర్పును రద్దు చేసి ట్రయల్ కోర్టు తీర్పును పునరుద్ధరించారు. శశికళ, ఇళవరసి, సుధాకరన్ జైలుకు వెళ్లారు. జయలలిత విషయంలో అప్పీలు ఆమె మరణంతో ముగిసిపోయింది. ఆమె మీద పడిన వంద కోట్ల జరిమానా వసూలు కోసం కర్ణాటక వేసిన రివ్యూ పిటిషన్‌నూ కోర్టు తిరస్కరించింది. కాబట్టి ‘సుప్రీంకోర్టు జయలలితను దోషిగా తేల్చింది’ అన్న వాక్యం తప్పు. ‘ఆమె నిర్దోషిగా కన్నుమూశారు, అంతే’ అని ఆపేసినా తప్పే. ఆ ఆస్తులు కూడబెట్టిన కుట్రలో ఆమె పాత్ర మీద ట్రయల్ కోర్టు చెప్పినదాన్ని సుప్రీంకోర్టు చర్చించి సమర్థించింది, శిక్ష మాత్రం ఆమెకు వర్తించలేదు.

ఇప్పుడు మన భాష దగ్గరికి. తెలుగు వార్తల్లో ‘కొట్టివేత’ అన్న ఒక్క మాట ఎన్ని పనులు చేస్తోందో చూడండి. ఎఫ్ఐఆర్‌ను హైకోర్టు క్వాష్ చేస్తే ‘కేసు కొట్టివేత’. అభియోగాలు నమోదు కాకముందే కోర్టు డిశ్చార్జి చేస్తే ‘కేసు కొట్టివేత’. పూర్తి విచారణ జరిగి నిర్దోషి అని తేలితే ‘కేసు కొట్టివేత’. క్వాష్ చేయమని నాయకుడే వేసిన పిటిషన్‌ను హైకోర్టు తిరస్కరిస్తే ‘పిటిషన్ కొట్టివేత’. ఈ ఆఖరిదాంట్లో ‘పిటిషన్’ అన్న మాట శీర్షికలో చోటు చాలక ఎగిరిపోతే అర్థం తల్లకిందులవుతుంది. మా సూచన: క్వాష్‌కు ‘ఎఫ్ఐఆర్ రద్దు’, డిశ్చార్జికి ‘విచారణకు ముందే విముక్తి’, అక్విటల్‌కు ‘నిర్దోషిగా విడుదల’, డిస్మిస్‌కు ‘పిటిషన్ తిరస్కరణ’ అని వేర్వేరుగా వాడండి. ఇంగ్లిష్ మాటే తెలుగు లిపిలో రాసినా మాకు అభ్యంతరం లేదు. ఒక్కదానికి ఒక్క మాట ఉండాలి, అంతే.

‘ఎ1’ కూడా అలాంటిదే. నిందితుల జాబితాలో మొదటి పేరు మొదటి పేరే. పోలీసులు ఏ వరుసలో రాశారో అది చెబుతుంది తప్ప నేరం ఎంత పెద్దదో చెప్పదు. చార్జిషీటు వేసేటప్పుడు ఆ వరుస మారొచ్చు కూడా.

పోలీసులు కేసు మూసేస్తూ వేసే తుది నివేదిక ఇంకోటి. దాంట్లో ‘మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్’ అని ఉంటే ఫిర్యాదులో చెప్పింది జరగలేదని వాళ్ల అభిప్రాయం. ‘లాక్ ఆఫ్ ఎవిడెన్స్’ అంటే సాక్ష్యం చాలలేదని. ఫిర్యాదుదారు దీని మీద మేజిస్ట్రేటు దగ్గర ప్రొటెస్ట్ పిటిషన్ (అభ్యంతర పిటిషన్) వేయొచ్చు, కోర్టు ఒప్పుకోకపోవచ్చు. కోర్టు ఆమోదించేదాకా ఇది పోలీసుల మాటే.

ప్రభుత్వం మారగానే వచ్చే కేసుల ఉపసంహరణ జీవోల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జీవో వచ్చినంత మాత్రాన కేసు పోదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 321, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 360 సెక్షన్ కింద పబ్లిక్ ప్రాసిక్యూటర్ తన బుద్ధితో ఆలోచించి కోర్టుకు దరఖాస్తు పెట్టాలి, కోర్టు ఒప్పుకోవాలి. ఎంపీలు, ఎమ్మెల్యేల కేసులైతే హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించకూడదని 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి ‘కేసులు ఎత్తివేత’ అని రాసే ముందు జీవో చూశారా, కోర్టు ఉత్తర్వు చూశారా అని మిమ్మల్ని మీరే అడగండి.

కేసుల సంఖ్యతో పోల్చడం మానండి అని కూడా గట్టిగా అడుగుతున్నాం. ధర్నాలు, రాస్తారోకోలు చేసిన నాయకుడికి పాతిక కేసులుండొచ్చు, అన్నీ నిషేధాజ్ఞల ఉల్లంఘన లాంటివే కావచ్చు. మరొకరికి ఒకే ఒక్క కేసు, అది హత్యాయత్నం కావచ్చు. ‘25’ పక్కన ‘1’ పెట్టి గ్రాఫిక్ వేస్తే ఓటరు ఏమనుకోవాలి? సెక్షన్లు చూసి రాయండి. 2024 జులై 1 తర్వాత నమోదైన వాటిలో సెక్షన్ అంకెలు మారాయి. ఐపీసీ 420 అన్నది భారతీయ న్యాయ సంహితలో 318(4), 302 అన్నది 103, 188 అన్నది 223. ఒకే నాయకుడి అఫిడవిట్‌లో పాతవీ కొత్తవీ రెండూ ఉంటాయి.

అఫిడవిట్ అంటే ఫారం 26. ఇది అభ్యర్థి ప్రమాణం చేసి చెప్పుకున్న మాట. రిటర్నింగ్ అధికారి గడులన్నీ నింపారా లేదా చూస్తారు, నిజమా కాదా అని ఇల్లిల్లూ తిరిగి చూడరు. తప్పుడు వివరాలిస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. దాన్లోని అంకెలతో ‘ఐదేళ్లలో ఆస్తి పదింతలు’ అని రాయాలనిపించినప్పుడు మూడు గడులు చూడండి. స్థిరాస్తికి కొన్న ధర వేరు, ఇప్పటి మార్కెట్ విలువ వేరు. కిందటిసారి ఒకటి, ఈసారి ఇంకొకటి పోలిస్తే లెక్క తప్పుతుంది. బంగారానికి రూపాయలు కాదు, గ్రాములు చూడండి. గ్రాములు పెరగకపోతే పెరిగింది ధరే. మూడోది, జీవిత భాగస్వామి, ఆధారపడినవాళ్లు, హిందూ అవిభక్త కుటుంబం గడులు. ఒకసారి వాటిని కలిపి, ఇంకోసారి వదిలేసి పోల్చకూడదు.

నేరచరిత్ర ఉన్న అభ్యర్థులు ఆ వివరాలను పత్రికల్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి. సొంత ప్రకటనకు ఫారం సి-1, పార్టీ ఇచ్చేదానికి సి-2, ఆ అభ్యర్థినే ఎందుకు ఎంచుకున్నారో పార్టీ చెప్పుకునేందుకు సి-7. నామినేషన్ల ఉపసంహరణ గడువు తర్వాత మొదటి నాలుగు రోజుల్లో ఒకటి, ఐదు నుంచి ఎనిమిదో రోజు లోపు రెండోది, తొమ్మిదో రోజు నుంచి ప్రచారం ముగిసేదాకా మూడోది. ఈ ప్రకటనలు మీ పేజీల్లోనే, లోపలెక్కడో చిన్న అక్షరాల్లో వస్తాయి. ఎడిటోరియల్ డెస్కు వాటిని చదివితే పరిచయానికి సగం సమాచారం మీ ఇంట్లోనే ఉంది.

చివరగా పని పద్ధతి. ప్రతి కేసుకు పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు (కోర్టుల రికార్డులో ఆ కేసు గుర్తింపు సంఖ్య) ఉంటుంది. అఫిడవిట్‌లో ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, కోర్టు, కేసు నంబరు ఉంటాయి. వాటితో ఈ-కోర్ట్స్ సైట్లో వెతికితే ఇప్పటి దశ, తర్వాతి వాయిదా, ఇచ్చిన ఉత్తర్వులు కనిపిస్తాయి. ప్రజాప్రతినిధుల కేసులైతే హైదరాబాద్, విజయవాడల్లోని ప్రత్యేక కోర్టుల్లో చూడండి. పేరు పెట్టి వెతకొద్దు, ఇంటిపేర్లు ఇంగ్లిష్‌లో ఒక్కో చోట ఒక్కోలా రాసి ఉంటాయి. ట్రయల్ కోర్టులో కదలిక లేకపోతే హైకోర్టులో స్టే ఉందేమో చూడాలి. అది వేరే నంబరు మీద, వేరే చోట ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి ‘విచారణ పెండింగ్’ అని రాసేస్తారు.

పాత వార్తలను సరిచేయండి అన్నది మా ఆఖరి మాట. అరెస్టు వార్త మొదటి పేజీలో వచ్చి, విడుదల వార్త లోపలి పేజీలో రెండు అంగుళాలకు పరిమితమైతే, ఇవాళ వెతికేవాడికి మొదటిదే దొరుకుతుంది. మీ సైట్లోని పాత కథనం పైన ‘ఈ కేసులో ఫలానా తేదీన ఫలానా కోర్టు ఇలా తేల్చింది’ అని ఒక పంక్తి చేర్చండి. పాత వాక్యాన్ని చెరపొద్దు, ఆ రోజు అది వార్తే. దాని పక్కన ఈ రోజు స్థితి ఉంటే చాలు.

ఇవన్నీ రాస్తే చోటు చాలదంటారేమో. జయలలిత ఆస్తుల కేసు మొత్తాన్ని మేం రాసిచూశాం. ఇంతే అయింది:

‘1991-96 మధ్య ఆదాయానికి మించి 66.65 కోట్లు కూడబెట్టారని ఆమెపై, మరో ముగ్గురిపై అభియోగం. 2003లో కేసు కర్ణాటకకు బదిలీ. 2014 సెప్టెంబరు 27న ప్రత్యేక కోర్టు 53.60 కోట్ల మేర రుజువైందని నాలుగేళ్ల శిక్ష విధించడంతో పదవి కోల్పోయారు. 2015 మే 11న హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. దానిపై వేసిన అప్పీలులో సుప్రీంకోర్టు తీర్పు రిజర్వులో ఉండగా 2016 డిసెంబరు 5న మరణించారు. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు విడుదల తీర్పును రద్దు చేసి మిగతా ముగ్గురికి శిక్ష ఖరారు చేసింది. మరణం వల్ల ఆమెపై అప్పీలు ముగిసింది.’

ఇట్లు,
తీర్పులూ అఫిడవిట్లూ చదివే మీ పాఠకులు